సున్నం వాసన వేసే క్రిస్మస్ తాత

అల్లెన్‌టౌన్, పెన్సిల్వేనియా
డిసెంబరు 8

ఒసేయ్ చిట్టీ,

ముందు కొవ్వొత్తి సంగతి. నవంబరు 2న మా అమ్మ సమాధి దగ్గర నువ్వు వెలిగించిన కొవ్వొత్తి ఫోటో చూసి, ఇక్కడ వంటగదిలో నిలబడి కాసేపు ఏడ్చుకున్నాను. సంచీలో బంతిపూలు వేసుకుని, బొట్టుతోనే వెళ్ళావట. గేటు దగ్గర ఎవరో "మీకెవరున్నారమ్మా ఇక్కడ?" అని అడిగితే "మా పిన్ని" అన్నావట. మా అన్నయ్య ఫోన్లో చెప్పాడు. సమాధుల పండుగ నాడు కన్నకూతురు ఏడు సముద్రాల అవతలుంటే, గోడ అవతలి పిల్ల వెళ్ళి దీపం పెట్టింది. దానికి థాంక్స్ చెబితే నువ్వు తిడతావు. చెప్పను.

ఇక నీ వాయిస్ మెసేజ్. "మావాడికి స్కూల్లో క్రిస్మస్ తాత వేషం ఇచ్చారే. ఎర్ర బట్టలెందుకు, భుజాన మూట ఎందుకు, అన్నం తిననివ్వకుండా అడుగుతున్నాడు. మీ తాతే కదా, నువ్వే చెప్పు" అన్నావు. నాలుగుసార్లు విని నాలుగుసార్లూ నవ్వాను. చిట్టీ, ఆయన మా తాత కాడే! అమెరికాలో కాపురం పెట్టి పదమూడేళ్ళయింది. ఈ తాతని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అని మా ఇంట్లో జరిగిన పంచాయితీలు నీకెప్పుడూ చెప్పలేదు. వాట్సాప్‌లో ఇమిడే సంగతి కాదు. మావారి పిన్నిగారు వాళ్ళు రేపు బయల్దేరి గుంటూరు వస్తున్నారు. వాళ్ళ సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య ఈ ఉత్తరం పెట్టి పంపుతున్నా. మీవాడి ప్రోగ్రామ్‌కి ముందే నీకు అందుతుంది.

ముందు వాడి ప్రశ్నకి జవాబు. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో నికొలాసు అని ఒక బిషప్పుగారు ఉండేవారు. ఆ చోటు ఇప్పుడు టర్కీలో ఉంది, దెమ్రే అంటారు. ఆయన గురించి చెప్పుకునే కథ మనవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక పేదవాడికి ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇవ్వలేక పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నికొలాసు రాత్రిపూట వచ్చి, ఎవరూ చూడకుండా, ఒక్కో పిల్లకి ఒక్కో బంగారు నాణేల మూట కిటికీలోంచి లోపలికి విసిరి వెళ్ళిపోయాడు. మూట అక్కడిది. డిసెంబరు 6 ఆయన పండుగ. డచ్చివాళ్ళు ఆయన్ని సింటర్‌క్లాస్ అంటారు. వాళ్ళతోపాటు ఆ పేరు న్యూయార్క్ చేరి సాంటాక్లాస్ అయింది. 1823లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పత్రికలో అచ్చయిన పద్యం ఆయనకి ఎనిమిది దుప్పుల బండిని ఇచ్చింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు వేసిన బొమ్మలు బొజ్జనీ గడ్డాన్నీ ఖాయం చేశాయి. 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో హాడన్ సండ్‌బ్లమ్ వేసిన బొమ్మలు ఊరూరా తిరిగాయి. ఎరుపు కోకాకోలా పెట్టిందేనని చాలామంది అంటారు గానీ, అంతకు ముందే ఎర్రకోటు తాతలు ఉన్నారు. అంటే బిషప్పు, కవి, కార్టూనిస్టు, కూల్‌డ్రింకు కంపెనీ, ఇంతమంది కలిసి తయారుచేసిన తాత. మీవాడికి అర్థమయ్యేంత చెప్పు, మిగతాది వదిలెయ్.

మనకి మాత్రం ఇదంతా తెలియదు కదే. మన తాత తాపీమేస్త్రీ మామయ్య.

గుర్తుందా? డిసెంబరు ఇరవై దాటాక ఏ రాత్రి పదకొండింటికో క్యారల్స్ వచ్చేవి. ముందు ఇద్దరు పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని, మెడకి హార్మోనియం తగిలించుకుని ఒకాయన, డోలక్, కంజిర, మఫ్లర్లు చుట్టుకున్న కుర్రాళ్ళు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి రెండు పాటలు పాడి, అయ్యగారు ప్రార్థన చేసి, కదలబోయే ముందు తాత దూకేవాడు. నైటీలాంటి ఎర్ర అంగీ, కాగితపు గుజ్జు మాస్కు, దానికి గులాబీరంగు బుగ్గలు. మా ఇంట్లో టీ తాగుతున్నంతసేపూ నువ్వు గోడ మీద కూర్చుని కాళ్ళూపుతూ చూసేదానివి. తాత నీ దగ్గరికొచ్చి రెండు చాక్లెట్లు ఇచ్చేవాడు, నాకు ఒక్కటే. మనిద్దరికీ తెలుసు ఆయనెవరో. అంగీ ఎంత కొత్తదైనా గోళ్ళలో సున్నం పోదుగా! బీడీ వాసన, సున్నం వాసన. "తాతా, మా అరుగు పగిలింది, ఎప్పుడొస్తావు?" అని నువ్వొకసారి అడిగేస్తే, మాస్కులోంచే "సంక్రాంతి ఎల్లాక వత్తానమ్మా" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. అయినా ఆయన గంట మోగిస్తూ మీదికొస్తే నువ్వూ నేనూ కేకలేసుకుంటూ పరిగెత్తేవాళ్ళం. తెలిసీ భయపడ్డాం, తెలిసీ మురిసిపోయాం.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగు. అసలు చెప్పాలనుకున్నది దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ తాత వేషం కాదే. ఇక్కడ తాత ఒక నమ్మకం. డిసెంబరు 24 రాత్రి పిల్లలు పడుకునే ముందు ప్లేటులో బిస్కెట్లు, గ్లాసులో పాలు పెడతారు. పొద్దున లేచేసరికి బిస్కెట్లు కొరికి ఉంటాయి, పాలు సగం అయిపోయి ఉంటాయి. కొలరాడోలో 1955లో మొదలైన ముచ్చట ఒకటి చూడు: దేశాన్ని కాపలా కాసే సైన్యం వాళ్ళే ఇప్పుడు తాత బండి ఎక్కడిదాకా వచ్చిందో రాత్రంతా పిల్లలకి చెబుతుంటారు. ఇది చాలదన్నట్టు 2005లో ఒక తల్లీకూతురూ రాసిన పిల్లల పుస్తకంతోపాటు ఒక బొమ్మ వచ్చింది. అలమర మీద కూర్చుని పిల్లలు ఏం చేస్తున్నారో చూసి, రాత్రికి వెళ్ళి తాతకి చాడీలు చెబుతుందట. తెల్లారేసరికి అది ఇంకో చోట కూర్చుని ఉండాలి. నిద్ర ఆపుకుని దాన్ని జరపడం తల్లుల పని.

పెద్దాడికి మేము అన్నీ చేశాం. కొత్త దేశం, ఒక్కగానొక్క పిల్లాడు, క్లాసులో అందరికీ తాత వస్తే వాడికి రాకపోతే ఎలా అని. బిస్కెట్లు నేనే కొరికాను. మావారు పాలు తాగారు. తాత పేరుతో చీటీ కూడా రాసేదాన్ని. ఎనిమిదో ఏట వాడు ఆ చీటీ పట్టుకుని చాలాసేపు చూశాడు. మన కాన్వెంటులో సిస్టరమ్మ స్కేలుతో కొట్టి నేర్పిన కలిపిరాత గుర్తుందిగా, ఆ తోకలు, ఆ సున్నాలు? వాడి స్కూల్లో అలా నేర్పలేదు. "మమ్మీ, సాంటా కూడా గుంటూరులో చదువుకున్నాడా?" అన్నాడు.

నవ్వేశాను. వాడు నవ్వలేదు.

ఆ రాత్రి పడుకునేముందు ప్రార్థనకి మోకరించాం. వాడు చేతులు జోడించి, కళ్ళు మాత్రం మూసుకోకుండా, "యేసయ్య కూడా మీరేనా?" అని అడిగాడు.

చిట్టీ, ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు. మావారు వెంటనే మొదలుపెట్టారు, రోమా చరిత్రకారుడు టాసిటస్ ఏం రాశాడు, సువార్తలు ఎప్పుడు రాశారు అని. ఎనిమిదేళ్ళ పిల్లాడు అడిగింది సాక్ష్యాల గురించి కాదు. నువ్వు చెప్పేది నమ్మొచ్చా అని అడిగాడు. నా నోట్లో జవాబు లేదు. మరుసటి రోజు పొద్దున వాడికి జడిసి జడిసి చెప్పాను: "తాత విషయంలో నీకు అబద్ధం చెప్పానురా. నీకు సంతోషంగా ఉంటుందనుకున్నా. తప్పే. యేసయ్య విషయంలో నాకు తెలిసిందే, నేను నమ్మిందే చెప్పాను." వాడు సరేనన్నాడు. కానీ ఆ తర్వాత చాలా నెలలు ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూసేవాడు, ఎవరు ఏం చేస్తున్నారో కనిపెడదామని. ఇప్పుడు పన్నెండేళ్ళొచ్చాయి. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ కన్ను తెరుచుకుంటుంది. నీకెలా తెలుసంటావేమో, నాదీ తెరిచే ఉంటుంది కాబట్టి!

ఇక్కడ ఇదొక పాత గొడవే. 1897లో న్యూయార్క్‌లో ఎనిమిదేళ్ళ పిల్ల వర్జీనియా, సాంటాక్లాస్ ఉన్నాడా లేడా అని తండ్రిని అడిగితే ఆయన తను చెప్పకుండా 'సన్' అనే పత్రికకి రాసి అడగమన్నాడట. నాన్నలు ఎక్కడైనా నాన్నలే. పత్రిక ఉన్నాడని సంపాదకీయం రాసింది. రాసినాయన ఇంటిపేరు చర్చ్, చూడు చోద్యం! ప్రేమ, ఉదారబుద్ధి ఉన్నట్టే ఆయనా ఉన్నాడు అన్నది దాని సారాంశం. ఇన్నేళ్ళయినా దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుంటూనే ఉన్నారు. చదవడానికి అందంగా ఉంటుంది. నాకు మాత్రం ఆ పిల్ల అడిగింది ఒకటి, పెద్దాయన చెప్పింది ఇంకొకటి అనిపిస్తుంది. దుప్పులబండి మీద మనిషి వస్తాడా రాడా అని అడిగితే ప్రేమ గురించి చెప్పాడు.

పెద్దాడి దెబ్బతో చిన్నదానికి మొదటినుంచీ నిజమే చెప్పాం. తాత లేడు, అదొక కథ, కానుకలు మమ్మీ డాడీ కొంటారు అని. అబద్ధం వదిలింది కదా అని హాయిగా ఉన్నా. పోయినేడాది, దానికి ఆరేళ్ళు, క్లాసులో పక్కపిల్లతో "మీ అమ్మ నీకు అబద్ధం చెబుతోంది" అందట. ఆ పిల్ల మధ్యాహ్నందాకా ఏడ్చింది. సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. "మీరు క్రైస్తవులే కదా, మరి మా పాప క్రిస్మస్ ఎందుకు పాడుచేశారు?" అంది. ఆవిడ ఒక్కతే పెంచుకుంటోందట పిల్లని. ఆ ఒక్క రాత్రి కోసం ఏడాదంతా చీటీ కట్టినట్టు డబ్బు దాస్తుందట. నిజం చెప్పిన గర్వమంతా దిగిపోయింది. ఒకసారి అబద్ధం చెప్పి నా బిడ్డ మనసు విరిచాను, ఇంకోసారి నిజం చెప్పించి పరాయి బిడ్డ మనసు విరిచాను. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి.

మా తెలుగు కూటంలో ఈ గొడవలు నెలకొకటి. ఇరవై కుటుంబాలం, నెలకోసారి ఒకరింట్లో ప్రార్థన, తర్వాత పప్పు, గోంగూర, చికెన్. ఆరాధన ఒక గంట, ఈ చర్చలు రెండు గంటలు. అన్నిటికంటే పెద్దది హాలోవీన్. అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడుక్కునే పండగ. ఒక కుటుంబం ఆ సాయంత్రం లైట్లన్నీ ఆర్పేసి మేడ మీద కూర్చుంటుంది. ఒకరు పిల్లలకి దావీదు, ఎస్తేరు వేషాలేసి పంపుతారు. ఒకరు ఇవేం పట్టించుకోకుండా అస్థిపంజరాన్ని గుమ్మానికి కట్టారు. మా అత్తగారు ఇక్కడికొచ్చిన మొదటి అక్టోబరులో పక్కింటి పచ్చిక మీద ప్లాస్టిక్ సమాధిరాళ్ళు, లేచి కూర్చున్న అస్థిపంజరం చూసి, "యేసు రక్తమే జయం, యేసు రక్తమే జయం" అంటూ కారులోంచి దిగలేదు. అరగంట పట్టింది దింపడానికి.

పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే అందరిదీ కొంత నిజమే. చలికాలం మొదట్లో కెల్టు జాతులవాళ్ళ సంబరం ఒకటుంది. నవంబరు 1 సకల పరిశుద్ధుల పండుగ, దాని ముందురాత్రి కాబట్టే ఆ పేరు. ఐర్లండు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ టర్నిప్ దుంపని తొలిచి దీపం పెట్టేవాళ్ళు, ఇక్కడ గుమ్మడికాయ దొరికింది. మా లూథరన్లకైతే అదే అక్టోబరు 31 సంస్కరణ దినం, 1517 నాటి సంస్కరణకి గుర్తుగా. ఇక్కడి చర్చిలు మధ్యేమార్గంగా కోత పండుగ అని పెడతాయి, లేదంటే చర్చి స్థలంలో కార్లు వరసగా నిలబెట్టి, డిక్కీలు తెరిచి అలంకరించి, పిల్లలకి అక్కడే చాక్లెట్లు పంచుతాయి. మావాళ్ళని అక్కడికి తీసుకెళ్తాం. చిన్నది ఈసారి తేనెటీగ. కోత పండుగ అంటే మన గుళ్ళో తొలిపంట గుమ్మడికాయని వేలంపాటలో వంద రూపాయలకి కొని, మళ్ళీ గుడికే ఇచ్చేసిన మా తాతయ్య గుర్తొస్తాడు నాకు. ఇక్కడ అదే గుమ్మడికాయకి కళ్ళూ పళ్ళూ చెక్కుతారు.

నన్ను కుదిపింది మాత్రం చిన్నదాని మాట. "మమ్మీ, చనిపోయినవాళ్ళు రాత్రి లేచొస్తారా?" అంది. మనకి ఆ భయం ఎప్పుడైనా ఉందా చెప్పు? సమాధుల పండుగకి వారం ముందే మేస్త్రీ మామయ్య సున్నం బక్కెట్టుతో దిగేవాడు. మనం సమాధుల మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్ళం. సాయంత్రం కొవ్వొత్తులన్నీ వెలిగితే అక్కడంతా దీపావళిలా ఉండేది. మేము చనిపోయినవాళ్ళకోసం ప్రార్థన చెయ్యం, వాళ్ళని ఇచ్చినందుకు కృతజ్ఞత చెబుతాం. అది తెలియని వయసులో కూడా అక్కడున్నది మా నాయనమ్మ, దెయ్యం కాదు అని మాత్రం తెలుసు. ఈ నేలలో మాకు ఒక్క సమాధీ లేదు చిట్టీ. అందుకే నా పిల్లలకి చావంటే పక్కింటి ప్లాస్టిక్ ఎముకలే. నువ్వు పంపిన ఫోటో చూపించి, "ఇదిగో, అమ్మమ్మ ఇక్కడుంది, చిట్టి ఆంటీ దీపం పెట్టింది" అన్నాను. చాలాసేపు చూసి, "కొవ్వొత్తి ఆరిపోతే?" అంది. "ఆంటీ మళ్ళీ వెలిగిస్తుంది" అన్నా. మాటిచ్చేశాను నీ తరఫున.

ఈస్టరుకి కుందేలు గుడ్లు పెట్టడం గురించి రాయను. దానికి రెండు గంటలు పోట్లాడేంత ఓపిక మా కూటానికే లేదు. ఇక్కడ ఆ కుందేలుని తెచ్చింది పెన్సిల్వేనియా జర్మన్లే, పిల్లలు బుట్టలు పట్టుకుని తోటంతా వెతుకుతారు, ఆడుకోనీ.

ఇలా ఒక్కోదాన్నీ తూకం వేస్తుంటే ఒక్కో పాస్టరుగారు ఒక్కోటి చెబుతారు. స్టారు వద్దంటారొకరు, చెట్టు వద్దంటారొకరు, డిసెంబరు 25 బైబిల్లో లేదు కాబట్టి క్రిస్మసే వద్దంటారు ఇంకొకరు. ఇదీ పాతదే. ఇక్కడి మసాచుసెట్స్‌లో భక్తిపరులైన ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేశారు. 1681లో గానీ దాన్ని ఎత్తెయ్యలేదు. ఆ మనుషులు దేవుణ్ణి మనకంటే తక్కువ ప్రేమించారని చెప్పలేను. కానీ నిషేధంతో పిల్లలకి ఏం నేర్పాలో అది నేర్పగలిగారా అంటే నాకు అనుమానమే.

ఇలాంటప్పుడు నాకు గుర్తొచ్చేది మీ అమ్మ పోసిన భోగిపళ్ళు. నాకు ఐదేళ్ళు. మీ ఇంట్లో పిల్లలందరినీ పీటల మీద కూర్చోబెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నా. మా నాయనమ్మ "అన్యుల పండగ, రావే" అని కేకలు. మా అమ్మ వచ్చి నిలబడింది. మీ అమ్మ రేగిపళ్ళ చేట పట్టుకుని, "వదినా, దీనికి హారతి ఇవ్వను. పళ్ళు పోస్తే తప్పా?" అంది. అమ్మ కాసేపు ఆలోచించి, "పూజ మీది, పళ్ళు అందరివీ. పొయ్యండి" అంది. నా నెత్తిన రేగిపళ్ళు, చెరుకుముక్కలు, బంతిపూల రేకులు, ఐదు పైసల బిళ్ళలు. తొమ్మిది బిళ్ళలు ఏరుకున్నా, నువ్వు పన్నెండు. రాత్రి నాయనమ్మతో గొడవపడలేదు అమ్మ. రోమీయుల పత్రిక పద్నాలుగో అధ్యాయం తీసి పెద్దగా చదివి వినిపించింది, అంతే. తిండి గురించీ దినాల గురించీ ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రాసిన అధ్యాయం. అందులో ఇంకో సగం కూడా ఉంది, నీ స్వేచ్ఛ పక్కవాడి మనసుకి దెబ్బ కాకుండా చూసుకో అని. ఆ రెండో సగం నాకు అర్థమైంది ఆ ఫోన్ వచ్చిన సాయంత్రం.

ఇప్పుడు ఇక్కడి సంగతి విను. మా ఊరి పక్కనే బెత్లెహేము ఉంది. నవ్వకు, నిజంగానే. 1741 క్రిస్మస్ ముందురాత్రి మొరేవియన్ క్రైస్తవులు ఆ ఊరికి ఆ పేరు పెట్టారు. కొండ మీద పెద్ద నక్షత్రం రాత్రిపూట వెలుగుతుంది. ఇళ్ళ వసారాల్లో ఇరవయ్యారు కొనల నక్షత్రాలు వేలాడతాయి. వెదురుబద్దలకి రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి డాబా మీద కట్టిన మన స్టార్లు గుర్తొచ్చి, మొదటిసారి చూసినప్పుడు కారు ఆపమన్నాను. మన గుంటూరుకి 1842 జూలై 31న, నలభై తొమ్మిదేళ్ళ వయసులో వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్‌ని పంపింది ఈ పెన్సిల్వేనియా లూథరన్లే. ఇక్కణ్ణుంచి ఆయన అక్కడికొచ్చాడు, అక్కణ్ణుంచి నేను ఇక్కడికొచ్చాను.

ఇక్కడి లైబ్రరీలో చిన్నదానికి పుస్తకాలు వెతుకుతుంటే తెలిసింది, ఈ పెన్సిల్వేనియా జర్మన్ల పల్లెల్లో సాంటా కంటే ముందు బెల్స్‌నికెల్ అని ఒకడుండేవాడట. ఊళ్ళో ఎవరో ఒకాయనే చింకి కోటో జంతువుల తోలో కప్పుకుని, మొహం కనబడకుండా చేసుకుని, బెత్తం పట్టుకుని రాత్రిపూట కిటికీ మీద కొట్టేవాడు. లోపలికొచ్చి నేల మీద గింజలూ మిఠాయిలూ వెదజల్లేవాడు. ఎగబడిన పిల్లల చేతుల మీద బెత్తంతో ఒక్కటి తగిలించేవాడు. చదువుతూ లైబ్రరీలోనే "మేస్త్రీ మామయ్య!" అని పైకి అనేశాను. ఇంకో చిత్రం. కానుకలు తెచ్చేది నికొలాసు కాదు, బాలయేసు అని చెప్పడం లూథరన్ల ఇళ్ళలో అలవాటు. ఆ బాలయేసుని జర్మన్‌లో క్రిస్ట్‌కిండెల్ అనేవాళ్ళు. అమెరికన్ల నోట్లో పడి అది క్రిస్ క్రింగిల్ అయింది. ఇప్పుడది సాంటాక్లాస్‌కే ఇంకో పేరు. తాతని పంపించెయ్యడానికి యేసుబాబుని తెస్తే, యేసుబాబు పేరే తాత పట్టుకుపోయాడు! అప్పటినుంచీ మా కూటంలో ఎవరైనా "ఇది తీసేసి అది పెడదాం" అంటే నాకు నవ్వొస్తుంది.

మొన్న శనివారం, డిసెంబరు 6, మా సెమీ క్రిస్మస్, పండగకి ముందే అందరం కలిసి చేసుకునేది. ఇక్కడివాళ్ళకి ఆ మాట అర్థం కాదు, సగం క్రిస్మస్ ఏమిటని అడుగుతారు. ఈసారి కమ్యూనిటీ హాల్లో పెట్టాం. తాత ఉండాలా వద్దా అని మామూలుగానే రెండు గంటలు వాదన. నేనన్నాను, "ఉండనీండి, కానీ పిల్లలకి ముందే చెబుదాం, మనలో ఒకరు వేషం వేస్తున్నారు, ఎవరో కనిపెట్టండి అని." మావారే వేశారు. పొగగొట్టంలోంచి కాకుండా, తెలుగు పాటకి చిందులేస్తూ తలుపులోంచి వచ్చారు. ముందు వరసలో మా చిన్నది. తాత బూట్లవంక చూసింది. నా చెవిలో, "డాడీ షూస్" అంది. తాత గంట మోగించగానే కేకపెట్టి నా చున్నీ వెనక్కి దూరింది. తర్వాత మెల్లిగా బయటికొచ్చి, రెండు చేతులూ చాపి, "థాంక్యూ తాతా" అంది. పెద్దాడు గోడకానుకుని చూస్తున్నాడు. కాసేపటికి వాడే వెళ్ళి జారిపోతున్న గడ్డాన్ని వెనకనుంచి సరిచేశాడు.

ఆ ఏడ్చిన పిల్లనీ వాళ్ళమ్మనీ కూడా పిలిచాను. వస్తారనుకోలేదు, వచ్చారు. వాళ్ళింట్లో తాత ఇంకా ఉన్నాడు. మావాళ్ళిద్దరికీ ముందే చెప్పా, అవతలివాళ్ళింట్లో కథ నడుస్తుంటే మధ్యలో దీపం వెయ్యకూడదని. ఆ పిల్ల మావారిని చూసి, "ఇతను అసలు సాంటా కాదు, హెల్పర్" అని మాదానికి చెప్పింది. మాది నావంక చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. "అవును, బాగా డాన్స్ చేస్తాడు" అంది. రెండు ముక్కలూ నిజమే.

కాబట్టి మీవాడికి నా తరఫున ఇవి చెప్పు. గడ్డానికి దూది మొహం మీదే జిగురుతో అంటించొద్దు, మీసం దగ్గర దురదపుట్టి చంపుతుంది. మెత్తని గుడ్డకి కుట్టి, చెవులకి ఎలాస్టిక్ పెట్టు. పొట్టకి దిండు కాకుండా పాత తువ్వాలు చుట్టు, జారదు. వాణ్ణి ఎవరైనా గుర్తుపట్టేస్తే ఏడవొద్దను, గుర్తుపట్టడమే సగం సరదా. మొహానికి మాస్కు ఎందుకని అడిగితే మాత్రం కిటికీలోంచి మూట విసిరిన నికొలాసు కథ చెప్పు. తీసుకునే ఆడపిల్లలు తలొంచుకోకూడదని ఆయన చీకట్లో వచ్చాడు. నీకు గోడ మీద రెండు చాక్లెట్లు ఎందుకొచ్చేవో తెలుసా? చర్చివాళ్ళు లెక్కపెట్టి ఇచ్చేవి మా పిల్లలకి మాత్రమే. నీకిచ్చినవి మేస్త్రీ మామయ్య తన కూలిడబ్బుతో కొన్నవి. అమ్మ పోయేముందు చెప్పింది నాకు.

అరిసెలు పంపు, నువ్వులు ఎక్కువ వేసి. సంక్రాంతికి ఇక్కడ తెలుగువాళ్ళింట్లో భోగిపళ్ళకి పిలిచారు, చిన్నదాన్ని తీసుకెళ్తా. అమ్మ మాటే నా మాట. రేగిపళ్ళు దొరకవు, క్రాన్‌బెర్రీలు పోస్తారట!

మేస్త్రీ మామయ్య అమ్మకి రెండు వరసల అవతల ఉన్నాడు, వేపచెట్టు పక్కన. ఊళ్ళో సగం సమాధులకి సున్నం వేసిన మనిషి, ఆయన సమాధికి ఇప్పుడెవరు వేస్తున్నారో. వచ్చే నవంబరులో రెండు కొవ్వొత్తులు తీసుకెళ్ళవే. మీవాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్ళు.

నీ,
గోడ అవతలి పిల్ల